బెల్లం రంగు

అనకాపల్లి యార్డులో బెల్లం వేలం చూడాలంటే పొద్దున్నే వెళ్ళాలి. సంక్రాంతి దాటాక, కొత్త అమావాస్య నూకాలమ్మ జాతర దాకా సరుకు జోరుగా వచ్చే రోజులు. కళాసీలు బళ్ళ మీంచీ ఆటోల మీంచీ దిమ్మలు దింపి లాట్లు లాట్లుగా పేరుస్తారు. కొలగార్లు తూకాలు చూస్తారు. కొనేవాళ్ళు లాటు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఏదో ఒక దిమ్మ అంచున గోటితోనో ఇనుప పుల్లతోనో చిన్న పెచ్చు లేపి, వెలుతురుకేసి ఎత్తి చూస్తారు. నోట్లో వేసుకోవడం తరవాతి మాట. చాలామంది వేసుకోరు కూడా. తినే వస్తువుకి ధర కట్టడానికి వచ్చినవాళ్ళు దాన్ని రుచి చూడకుండానే ధర కట్టేసి వెళ్ళిపోవడం నాకు చిన్నప్పుడు చాలా వింతగా ఉండేది.

అక్కడ సరుకు మూడు రకాలు. లేత పసుపు, బంగారు రంగు ఉంటే మొదటి రకం. కాస్త ముదిరితే రెండో రకం. ఎరుపు దాటి నలుపు తిరిగితే మూడోది. మర్నాడు పేపర్లో వచ్చే ధరలు కూడా ఈ మూడు వరసల్లోనే ఉంటాయి. ఏ వూరి నేల, ఏ రకం చెరకు, ఎవరు వండారు అన్నవేవీ ఆ పట్టికలో ఉండవు. రంగొక్కటే ఉంటుంది.

ఈ రంగు కథే రాద్దామని చాలాకాలంగా అనుకుంటున్నాను. బెల్లం చరిత్ర అనేది పెద్ద మాట. అదంతా రాయడం నా తరం కాదు. నాకు తెలిసినంతలో, బెల్లం పచ్చగా ఉండాలని ఎవరు నిర్ణయించారు, నల్లగా ఉన్నందుకు ఎవరు ఎంత చెల్లించుకున్నారు అన్నది మాత్రం చెప్పగలను.

ముందు మాట గురించి ఒక మాట. మన బెల్లం, కన్నడిగుల బెల్ల, తమిళుల వెల్లం ఒకే ఇంటి బిడ్డలు. సంస్కృతంలో గుడం, హిందీలో గుడ్. ఇంగ్లీషువాళ్ళ 'జాగరీ' మాత్రం పోర్చుగీసువాళ్ళ నోట నలిగి వెళ్ళిన మన శర్కర. పంచదార అన్నది కోస్తా మాట, చక్కెర సీమ, తెలంగాణాల మాట; రెండు మాటలకీ ఇళ్ళల్లో ఉన్న గౌరవం వేరు, బెల్లానికున్న చనువు వేరు. చనువున్నచోట నానుడులు పుడతాయి. బెల్లం కొట్టిన రాయి, బెల్లం చుట్టూ ఈగలు, మోచేతికి బెల్లం రాసి నాకించడం. పంచదార మీద ఇన్ని సామెతలున్నట్టు నేనెరగను.

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో సామర్లకోటలో ఉన్న కుంపిణీ వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ రాజమండ్రి సర్కారులో రైతులు చెరకు ఎలా పండిస్తున్నారో, బెల్లం, పంచదార ఎలా చేస్తున్నారో ఒక వ్యాసం రాశాడు. కుంపిణీకి ఆ రోజుల్లో చక్కెర వ్యాపారం మీద కన్నుండేది. ఆ తరవాత నూరేళ్ళకి, 1893-96 మధ్య, బెజవాడ నుంచి కటకం దాకా తూర్పు కోస్తా రైలుమార్గం పడింది. అనకాపల్లి ఆ దారిలోనే ఉంది. శారదానది పక్కన, చుట్టూ చెరకు పల్లెలు, వాకిట్లో రైలు. ఉత్తరానికి ఒడిశా, బెంగాలు. బెల్లం వ్యాపారానికి ఇంతకంటే ఏం కావాలి? దేశంలో బెల్లం మార్కెట్లని లెక్కపెట్టేటప్పుడు ఉత్తరాదిన ముజఫర్‌నగర్, హాపూర్‌లతో పాటు అనకాపల్లి పేరూ చెప్పడం అలవాటయింది.

అదే కాలంలో చెరకుకి పెద్ద ఆపద వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం చివర గోదావరి ప్రాంతంలో ఎర్రకుళ్ళు తెగులు తోటలకి తోటల్ని తినేసింది. గడను నిలువునా చీలిస్తే లోపల ఎర్రటి చారలు, మధ్యమధ్య తెల్ల మచ్చలు, పులిసిన వాసన. దాన్ని ఎదుర్కోవడానికి మద్రాసు ప్రభుత్వపు వృక్షశాస్త్రజ్ఞుడు సి.ఎ. బార్బర్ పూనికతో సామర్లకోటలో చెరకు క్షేత్రం పెట్టారు. బార్బరే తరవాత 1912లో కోయంబత్తూరు చెరకు ప్రజనన కేంద్రానికి మొదటి పెద్ద అయ్యాడు. మరుసటేడు, 1913లో, అనకాపల్లిలో పరిశోధన స్థానం వెలసింది. ఊరివాళ్ళు ఇప్పటికీ దాన్ని 'ఫారం' అనే పిలుస్తారు. నూరేళ్ళు దాటిన ఆ సంస్థ నుంచి విశ్వామిత్ర, శారద వంటి చెరకు రకాలు వచ్చాయి. శారద అన్న పేరు ఏటి పేరు కావడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

ఇక రంగు దగ్గరికి వద్దాం.

చెరకు రసం సహజంగా మురికిపచ్చగా ఉంటుంది. అందులో చక్కెరే కాదు, మట్టి, నార, మాంసకృత్తులు, వగరు పదార్థాలు అన్నీ ఉంటాయి. పెనంలో కాగుతున్నప్పుడు మడ్డి పైకి తేలుతుంది. ఆ మడ్డిని తేల్చడానికి మనవాళ్ళు సున్నపు తేట పోసేవారు, బెండ కాడలు దంచి ఆ జిగురు కలిపేవారు. జిగురు మడ్డిని పట్టుకుని పైకి తెస్తుంది, జల్లితో దేవేస్తారు. ఎంత ఓపిగ్గా దేవితే అంత తేట. తరవాత పాకం ముదిరేటప్పుడు పొయ్యిలో పిప్పి ఎగదొయ్యడం తగ్గించాలి. ఒక్క నిమిషం ఏమరితే చక్కెర మాడి రంగు దిగిపోతుంది. టన్ను చెరకు ఆడితే సుమారు వంద కిలోల బెల్లం. రాత్రంతా పొయ్యి దగ్గర కూర్చున్నవాడి కష్టం ఆ ఆఖరి నిమిషంలో తేలుతుంది.

నల్లబడడానికి వండేవాడి తప్పొక్కటే కారణం కాదు. పడిపోయిన చెరకు, నరికి రెండు రోజులు ఎండలో ఉన్న చెరకు, ఉప్పునేలలో పెరిగిన చెరకు, యూరియా ఎక్కువై ఆలస్యంగా పక్వానికొచ్చిన చెరకు, వీటన్నిటిలోనూ గడ్డకట్టని చక్కెరలు పెరుగుతాయి, బెల్లం ముదురు రంగు తిరుగుతుంది. ఇంకొకటుంది. పాతకాలంలో కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసేవారని చాలామంది వినే ఉంటారు. వగరూ ఇనుమూ కలిస్తే నలుపు. చెరకు రసంలో వగరు ఉంది. 1870లలో బీహారులోని బిహియా దగ్గర థామ్సన్, మిల్న్ అనే ఇద్దరు ఎడ్లతో తిప్పే ఇనుప రోళ్ళ గానుగ తయారుచేశారు. కొయ్య గానుగలని, రాతి గానుగలని వెనక్కి నెట్టి అటువంటి ఇనుప గానుగలు దేశమంతటా చెరకు పల్లెలకి పాకిపోయాయి. పెనాలూ ఇనుపవే. రసం ఎక్కువ దిగింది, శ్రమ తగ్గింది, దానితోపాటు రసంలోకి కాస్త సిరా కూడా దిగింది! తరవాత నూనె ఇంజన్లు, కరెంటు మోటార్లు వచ్చి ఎడ్లకి విశ్రాంతినిచ్చాయిగాని ఇనుము మాత్రం ఇనుముగానే ఉండిపోయింది.

అయితే బెల్లం నల్లగా ఉంటే ఎవరికి నష్టం? ఒకప్పుడు పెద్దగా ఎవరికీ లేదనుకుంటాను. నల్లనిది కాస్త చవకేమో; బాలింతకో, ఈనిన ఆవుకో అదే మేలనేవారు మా ఇళ్ళలో పెద్దవాళ్ళు. కంటికి కొత్త కొలబద్ద నేర్పింది తెల్ల పంచదార. 1932లో ప్రభుత్వం దిగుమతి చక్కెర మీద రక్షణ సుంకం వేసి దేశీయ పరిశ్రమకి అండనిచ్చింది. నాలుగైదేళ్ళలో దేశంలో పంచదార మిల్లులు ముప్పై చిల్లర నుంచి నూరు దాటిపోయాయి. మన ప్రాంతంలో ఏటికొప్పాకలో 1933లోనే సహకార పద్ధతిలో చక్కెర కర్మాగారం పెట్టుకున్నారు. అనకాపల్లి పక్కనే తుమ్మపాలలో మరొకటి వచ్చింది. 1934లో వార్ధాలో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టి గాంధీగారు మిల్లు చక్కెర వద్దు, బెల్లం తినండని చెబుతున్నది సరిగ్గా ఈ కాలంలోనే. జనం ఆయన మాట సభల్లో విన్నారు, కాఫీలో పంచదార వేసుకున్నారు. అతిథికి పంచదార కాఫీ, పనివాడికి బెల్లం కాఫీ అన్న తేడా నా చిన్నతనానికి కూడా పోలేదు. ఆ తెలుపు పక్కన నిలబడవలసి వచ్చేసరికి బెల్లం కూడా ఎంతో కొంత తెల్లబడాలని చూసింది.

అక్కడికి చేరింది హైడ్రోస్. అసలు పేరు సోడియం హైడ్రోసల్ఫైట్. బట్టల అద్దకంలో వాడే గంధకపు పొడి. రంగుని విరిచెయ్యడం దాని పని. పాకం దించబోయే ముందు గుప్పెడు చల్లితే చూస్తూండగానే ఎరుపు విరిగి పసుపు తేరుతుంది. బెండ కాడల జిగురుతో గంటసేపు మడ్డి దేవినా రాని రంగు గుప్పెడు పొడితో వస్తుంది. కూలీలు దొరకని కాలం ముదిరేకొద్దీ ఆ గుప్పెడికి విలువ పెరిగింది. గమ్మత్తేమిటంటే ఆ రంగు నిలవదు. గాలి తగిలి, వానాకాలపు చెమ్మ తగిలి, నెలలు తిరిగేసరికి అదే దిమ్మ మునుపటికంటే నల్లగా మారుతుంది. అప్పటికి రైతుకి డబ్బు ముట్టి ఉంటుంది, సరుకు ఏ కలకత్తా గోదాములోనో ఉంటుంది. వేలంపాట నాటి పొద్దుటికి మాత్రం రంగుంటే చాలు. ఆహార నిబంధనల ప్రకారం బెల్లంలో గంధక డయాక్సైడు కిలోకి 70 మిల్లీగ్రాములు మించకూడదు. గుప్పెడుకి కొలత ఏముంది?

మా బంధువులొకరి గానుగ దగ్గర ఒకసారి రెండు రోజులున్నాను. చదువుకుంటున్న రోజులు. తెల్లవారుజామున వేడి బెల్లం ముద్ద తినాలని ఆశ. పెనం దించాక చెయ్యి చాపితే మావయ్య వారించాడు.

"అది సంత సరుకురా. మనకి వేరే ఉంది, ఉండు."

పాక మూల, గడ్డి కింద దాచిన ఒక చిన్న అచ్చు తీసి విరిచి పెట్టాడు. గోధుమ రంగు కూడా కాదు, దాదాపు కాఫీ గింజ రంగు. నోట్లో పెట్టుకుంటే మొదట తీపి, వెనకనుంచి చిన్న వగరు, ఆ పైన పొగ వాసన.

"మరి దీన్నే అమ్మొచ్చుగా మావయ్యా?" అన్నాను.

"నువ్వు కొంటావా? యార్డులో దీన్ని మూడో రకం కింద కూడా చూడరు. పైపెచ్చు పోలీసోడు చూస్తాడు."

ఆ చివరి మాట నాకప్పుడు బోధపడలేదు. ఆ సంగతి చెప్పాలంటే బెల్లం పక్కనుంచి సారా దగ్గరికి వెళ్ళాలి.

మన రాష్ట్రపు రాజకీయంలో మద్యనిషేధం పాత అతిథి. 1937లో రాజాజీ సేలం జిల్లాతో మొదలుపెట్టిన నిషేధం 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటికీ వచ్చింది. విశాఖ జిల్లా అందులో భాగమే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఆ చట్టాన్ని వారసత్వంగా పుచ్చుకుంది. నిషేధం ఎత్తెయ్యమని రామమూర్తి కమిటీ చేసిన సిఫార్సును అమలు చెయ్యలేదన్న వివాదం మీదే 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తుపాకికి గుండె చూపినవాడు సారా మీద పడిపోవడం చరిత్ర చేసిన పరిహాసం. తరవాత 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా అమ్మకం రద్దయింది. 1995 జనవరి 16న ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ నిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని సడలించినా, సారా మీద నిషేధం మాత్రం అలాగే నిలిచింది.

ఆ ఉద్యమాన్ని నేను తక్కువ చేసి చెప్పడం లేదు. తాగుబోతు మొగుడితో ఒక్క రాత్రి గడిపినవాళ్ళెవరూ తక్కువ చెయ్యలేరు. కాని దుకాణం మూతపడ్డాక సారా ఊరి వెలుపలికి, వాగుల్లోకి, తోటల్లోకి పోయింది. కోస్తాలో నాటుసారా, తెలంగాణాలో గుడుంబా. దానికి కావలసింది చక్కెరున్న ఏదో ఒక పదార్థం, నీళ్ళు, నాలుగు రోజుల ఓపిక. పులియడానికి రంగుతో పనిలేదు. పసుపు బెల్లమూ పులుస్తుంది, పంచదారా పులుస్తుంది. సారా కాచేవాడు నల్లబెల్లం కొన్నది అది చవక కాబట్టి. చవక ఎందుకయింది? యార్డులో పెచ్చు లేపి చూసిన కన్ను దానికి మూడో రకం అని పేరు పెట్టింది కాబట్టి.

1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం, మత్తు పదార్థం తయారుచేసే ఉద్దేశంతో పదార్థాలు, పాత్రలు, పరికరాలు దగ్గర ఉంచుకోవడాన్ని నేరమంటుంది. ఆ సెక్షనులో బెల్లం పేరు లేదు, నలుపు పేరసలే లేదు. ఉద్దేశం అన్న మాట ఉంది. ఉద్దేశం కంటికి కనబడదు, రంగు కనబడుతుంది. రోడ్డు మీద లారీ ఆపిన అధికారికి లారీలో ఉన్నది ఏ బెల్లమో తెలుసుకోవడానికి టార్పాలిన్ ఎత్తితే చాలు. 'నల్లబెల్లం' అన్న మాట పేపర్లలో దొంగసరుకుకి మారుపేరయింది. దాని పక్కన పటిక, నవసాగరం, పట్టుబడిన కిలోల లెక్క. ఉమ్మడి రాష్ట్రపు హైకోర్టు ముందుకి ఈ జప్తుల మీద వ్యాపారులు వేసిన రిట్ పిటిషన్లు వరసగా వచ్చాయి. ప్రశ్న తిరిగి తిరిగి ఒక్కచోటికే వచ్చేది: బెల్లం దగ్గరుండడమే నేరమా, దానితో సారా కాయబోతున్నాడనడానికి ఆధారం ఉండాలా? కోర్టు వాకిట్లో వాదించగలిగినవాడు వ్యాపారి. గానుగ దగ్గరి రైతు వాదించడు. గుప్పెడు పొడి ఇంకాస్త ఎక్కువ చల్లుతాడు.

ఇందులో ఎవరూ చెడ్డవాళ్ళు కారని నేననను; కాని ఈ గొలుసులో ప్రతివాడూ తన వరకు తెలివిగానే నడుచుకున్నాడు. కొనేవాడు పసుపు అడిగాడు, ప్రభుత్వం నలుపుని అనుమానించింది, రైతు రెండిటి నుంచీ తప్పించుకునే పొడి కొనుక్కున్నాడు. ఆ పొడి చేరింది మాత్రం ఉగాది పచ్చడిలోకి, పిల్లల వేరుశెనగ ఉండల్లోకి, నైవేద్యపు పరమాన్నంలోకి.

ఆ అనుమానం ఇంకా పోలేదు. 2022 మార్చిలో జంగారెడ్డిగూడెం మరణాలు నాటుసారా వల్లే అన్న గగ్గోలు అసెంబ్లీని కుదిపినప్పుడు అందరి చూపూ మళ్ళీ బెల్లం వ్యాపారుల మీదికే వెళ్ళింది. 2024లో మేడారం జాతరకి ముందు తెలంగాణాలో బెల్లం కొనేవాళ్ళు ఆధార్ వివరాలివ్వాలన్నారు. సమ్మక్క సారలమ్మలకి నిలువెత్తు బెల్లం తూచి ఇచ్చే జాతర అది. అక్కడ బెల్లాన్ని బెల్లమనరు, బంగారం అంటారు. అమ్మవారికి బంగారం మొక్కుకున్న భక్తుడు గుర్తింపుకార్డు చూపించాలన్నమాట. కిరాణా కొట్లో పది కిలోల పంచదార కొన్నవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు.

ఈలోగా పట్నాల్లో గాలి తిరిగింది. పదిహేనేళ్ళ కిందట మూడో రకం కింద కూడా చూడని మావయ్య బెల్లం ఇప్పుడు గాజు సీసాల్లో, 'రసాయనాలు లేని సంప్రదాయ బెల్లం' అన్న చీటీతో, మొదటి రకానికి రెండింతల ధర పలుకుతోంది. నలుపే స్వచ్ఛతకి గుర్తని కొనేవాళ్ళు గట్టిగా నమ్ముతున్నారు. (ఇదీ కన్ను చెప్పే మాటే. మాడిన బెల్లమూ నల్లగానే ఉంటుంది. ఇంకో నాలుగేళ్ళకి నల్లరంగు పొడి ఏదైనా వస్తే నేను ఆశ్చర్యపోను.) 2022 జూలై 18 నుంచి సీసాలోనో సంచీలోనో చీటీ అంటించి అమ్మే బెల్లానికి 5 శాతం జీఎస్టీ, విడిగా అమ్మే దిమ్మకి ఏమీ లేదు. చీటీ లేకపోతే నమ్మకం లేదు, చీటీ ఉంటే పన్ను. ఇందులో రైతు వాటా ఎంతో సీసా మీద రాయరు.

అసలు చెరకే తగ్గిపోతోంది. అనకాపల్లి 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది. జిల్లా అయ్యేనాటికే తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ కర్మాగారాల్లో గానుగాట ఆగిపోయింది. నరకడానికి మనుషులు లేక, గిట్టక, చాలామంది సరుగుడు వేశారు. మా మావయ్య పొలంలోనూ ఇప్పుడు సరుగుడే ఉంది. గానుగ పాకలో మోటారు సైకిళ్ళు పెట్టుకుంటున్నారు. ఆ పెద్ద ఇనుప పెనాన్ని గోడకి ఆనించి ఉంచారు, పాత సామాన్లవాడు అడిగినా ఇవ్వలేదట.

కిందటిసారి వెళ్ళినప్పుడు పొద్దున్నే యార్డుకి కూడా వెళ్ళాను. లాట్లు పలచగా ఉన్నాయి. వేలం మునుపటిలాగే జరిగింది, పెచ్చు లేపడం, వెలుతురుకి ఎత్తడం. ఒక కుర్ర వ్యాపారి మాత్రం పెచ్చు లేపలేదు. సెల్‌ఫోను తీసి దిమ్మని ఫోటో తీసి కటకంలో ఉన్న కొనుగోలుదారుకి పంపాడు. అవతలనుంచి ఏం జవాబొచ్చిందో, మొహం చిట్లించి, కళాసీని పిలిచి ఆ దిమ్మని నీడలోంచి ఎండలోకి జరిపించాడు. ఎండ పడేసరికి దిమ్మ ముఖం పసుపు తేరింది. మళ్ళీ ఫోటో తీశాడు.